ఇరవై బారల నీటి రంగు

జాలరిపేట, బుధవారం

అమ్మా, మేమంతా కులాసాగానే ఉన్నాం, కంగారుపడకు.

నువ్విచ్చిన ఉంగరంలో ఎర్రరాయి చేపలు కడుగుతుంటే ఊడిపోయింది. ఫోన్లో అయితే మధ్యలోనే తిట్లు మొదలుపెడతావని కార్డు రాస్తున్నాను. కొత్త రాయి కోసం నిన్న నగల కొట్టుకెళ్లాం. నగలంటే ఆవులించే నీ అల్లుడు, నీలమూ ఆకుపచ్చా కలిసిన ఒక రాయిని వెలుతురుకి తిప్పి చూసి, "ఇది ఇరవై బారల లోతు నీరే! వంజరం చేపలు ఇక్కడే వలకి పడతాయి" అన్నాడు. అది టూర్మలిన్ అనీ, ఈ రంగు చాలా అరుదనీ షావుకారు చెప్పాడు. "అరుదేటి షావుకారూ, నాను రోజూ సూత్తన్నాను కదా!" అన్నాడు నీ అల్లుడు. కొట్లో అందరూ ఒకటే నవ్వు.

ఇది శనికి పెట్టుకునే నీలం కాదమ్మా, భయం లేదు. అయినా ఉంగరం నీది, నువ్వు సరేనంటేనే పొదిగించుకుంటాను. కంట్లో చుక్కలు వేసుకుంటున్నావా? వచ్చేటప్పుడు ఎలమంచిలిలో చింతపండు కొనుక్కురా. పిన్నిని అడిగానని చెప్పు.

నాన్న వేటకెళ్లినప్పుడు నువ్వూ, ఈయన వెళ్తే నేనూ ఒడ్డునే కూర్చున్నాం. వాళ్లుండే చోట నీళ్లు ఈ రాయిలా ఉంటాయట. చూద్దువుగాని, రా.

నీ సాయిదుర్గ