సగం బిస్కెట్

నాయనా,

నీ కుక్క నల్లోడికి జ్వరం వచ్చింది. మార్కాపురంలో పశువుల డాక్టరు మాత్రలిచ్చాడు. పెరుగన్నంలో కలిపి, గని నుంచి నువ్వు తెచ్చిన పలకరాయి మీద పెడితే, రాయిని అద్దంలా నాకేసి, మాత్రను దాని మీదే వదిలేశాడు. బెల్లంలో పెడితే బెల్లం తినేసి మాత్రను నా చెప్పులో ఉమ్మాడు. నోరు తెరవబోతే గుర్రుమన్నాడు.

చూసి చూసి అమ్మకు విసుగొచ్చింది. "అట్ల కాదు గానీ, నువ్వు లెయ్. మీ నాయన ఎట్ల పెట్టేటోడో చూడలేదా ఏంది?"

కుక్కను గడప తొక్కనివ్వని అమ్మ, నువ్వు పోయాక టీ మానేసిన అమ్మ, నీ గ్లాసులో టీ పోసుకొని అరుగు మీద నీ చోట కూర్చుంది. బిస్కెట్ ముంచి సగం కొరికింది. మిగతా సగంలో మాత్ర దాచి చెయ్యి చాపింది. వాడు గ్లాసు చూశాడు, అమ్మను చూశాడు, గుటుక్కున మింగేశాడు.

"ఎంగిలి చేస్తే గానీ దిగదు దొరకి!" అని తిట్టింది.

మాత్రలు నిన్నటితో అయిపోయాయి. ఈ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అమ్మ మళ్ళీ గ్లాసుతో అరుగు మీదే ఉంది. నల్లోడు పక్కన కూర్చుని తన సగం కోసం చూస్తున్నాడు.

"మాత్రలు అయిపోయినాయి కదమ్మా?" అన్నాను.

"వానికి అలవాటైపోయింది, నేనేం చేసేది?" అంది, టీ ఊదుకుంటూ.