కుక్కకి కట్టిన గంట

వదినా,

మామయ్యగారికి తోడుగా మీరు పంపిన కుక్క కులాసాగా ఉంది. దాంతోపాటు గంట కూడా పంపితే, "కుక్కకి గంటేమిటి, చోద్యం కాకపోతే!" అని మీ తమ్ముడి దగ్గర మూతి విరిచాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీరు చెప్పినట్టే గంటని తలుపుకి కిందుగా కట్టాను. బయటికి తీసుకెళ్ళే ప్రతిసారీ దాని ముక్కు గంటకి తగిలించి, పని కానిచ్చి వచ్చాక బిస్కెట్ పెట్టాను. కొన్నాళ్ళకి అదే వచ్చి మోగించడం మొదలుపెట్టింది. తలుపు పక్క కుర్చీలోంచి మామయ్యగారు ఇదంతా చూస్తూనే ఉన్నారు.

మాట పడిపోయినప్పటి నుంచి, బాత్రూంకి వెళ్ళాలని ఎలా చెప్పాలో తెలియక ఆయన ఎంత నలిగిపోయారో మీకు తెలుసు. బట్టలు తడిసిన రోజు ఎవరి ముఖమూ చూసేవారు కాదు.

నిన్న నేను వంటింట్లో ఉండగా గంట మోగింది. "ఉండవే, వస్తున్నా!" అని కేకేశాను. తీరా చూస్తే కుక్క నా కాళ్ళ దగ్గరే గుర్రుపెడుతోంది. పరుగెత్తి వెళితే, మామయ్యగారు గంట పట్టుకుని ఉన్నారు.

తీసుకెళ్ళి, తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఆయన నా ముందు చెయ్యి చాపారు. నాకు అర్థం కాలేదు. బిస్కెట్ల డబ్బా వైపు చూసి నవ్వారు, వదినా! ఎన్నాళ్ళకి నవ్వారో!

రెండు పెట్టాను.

మీ మేలు మర్చిపోలేను. ఇంకో గంట పంపండి. తన గంట ఇంకెవరైనా ముట్టుకుంటే కుక్కకి కోపమొస్తోంది.

మీ మరదలు