బొట్టు కింద తడి

జూలై 3, గురువారం

సుగుణ ఐదింటికి కొండ మీది నుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూనే అంది — "బ్రేకేత్తంటే బండి కుడికి లాగేత్తందండీ. అప్పల్రాజు స్టీరింగ్ రెండు సేతుల్తో బిగబట్టుకుని దింపేడు."

నా భార్య నర్సు. ప్రతి గురువారం టీకాల పెట్టె పట్టుకుని అప్పల్రాజు జీపులోనే కొండెక్కుతుంది. ఆ జీపు మెకానిక్కును నేను. మొన్న సోమవారమే చక్రాలన్నీ చూసి "ఏం లేదు, పో" అని పంపాను.

అన్నం ముందు కూర్చున్నాను. లేచి అప్పల్రాజుకు ఫోన్ చేశాను.

జూలై 4, శుక్రవారం

కూర్మన్నపాలెంలో నా షెడ్డుకు పొద్దున్నే బండి తెమ్మన్నాను. తెచ్చాడు, పూజ చేసి మరీ. నాలుగు చక్రాల నడిమి హబ్బుల మీదా బొట్లు. కుంకుమలో నువ్వుల నూనె కలిపి పెడతాడు, దుమ్ముకు చెదరదని. ఎలమంచిలి పక్క ఊళ్లో వాళ్ల నాన్న ఎడ్లబండికి అలాగే పెట్టేవాడట.

వెనక ఎడమ చక్రం. బొట్టు కింద తడి.

సోమవారం కూడా ఇదే తడి చూశాను. పూజ నూనె కారింది అనుకున్నాను. గుడ్డతో తుడిచి ఉంటే అప్పుడే తెలిసేది... తుడవలేదు. మేం చర్చికి పోయేవాళ్లం. ఎదుటివాళ్ల బొట్టు మీద చెయ్యి వేయకూడదని అమ్మ చిన్నప్పుడే చెప్పింది. బొట్టు ఉన్నచోట నా గుడ్డ దానంతటదే పక్కకు పోతుంది. ఇన్నేళ్ల పనిలో ఎప్పుడూ ఇంతే.

ఇవాళ అడిగాను — "తుడవనా?"

"అడుగుతావేటి బావా? తుడు."

అంతే. ఒక్క మాట అడిగితే పోయేది. వెధవ మర్యాద నాది.

వేలికి రాసుకుని వాసన చూశాను. నువ్వుల నూనె కాదు, గేరాయిల్. ఆ గంధకం కంపు ఒకసారి తెలిస్తే చచ్చినా మరిచిపోం. బ్రేక్ ఆయిల్ అయితే పల్చగా ఉంటుంది, రంగును తినేస్తుంది. ఇది చిక్కటి జిడ్డు. డ్రమ్ము విప్పాను — బ్రేక్ షూ నూనెలో నానిపోయింది. నానిన షూ పట్టదు. కుడిది పట్టి ఎడమది పట్టకపోతే బండి కుడికి లాగక ఏం చేస్తుంది?

ఈ చక్రం మీద సుగుణ ఘాట్ దిగింది. ఆ వంపుల్లో కుడివైపు ఏముంటుందో నాకు తెలుసు.

 

జూలై 5, శనివారం

వన్ టౌన్ పోయి, ఇరుసులోని గేరాయిల్ చక్రంలోకి రాకుండా ఆపే ఆయిల్ సీలు తెచ్చాను. షాపాయన "మామూలుదియ్యనా, కంపెనీదా?" అన్నాడు. కంపెనీది.

పాత సీలు రబ్బరు పెదవి గట్టిపడి అంచంతా బీటలు. అది ఆనుకునే చోట ఇరుసు ఇనుము మీద గోరు గీసి చూశాను. చిన్న గాడి, గోరు ఆగేంత లోతు లేదు. నున్నగా రుద్ది కొత్తది కొట్టాను. షూలూ కొత్తవి. బండి పోయింది. హాయిగా ఉంది.

జూలై 8, మంగళవారం

మళ్లీ తడి. అదే చక్రం.

ఆది, సోమ రెండు రోజులూ కొండెక్కిందట. కొత్త సీలు మూడు రోజులు ఆగలేదు. అప్పల్రాజు గట్టిగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు — "నువ్వేసిందే కదా బావా." టీ కొట్టు దగ్గర నలుగురూ విన్నారు. ఒళ్లు మండింది. 

సీలు తప్పు కాదు. నేను సరిగ్గానే కొట్టాను. మరి నూనెను లోపలి నుంచి ఏం తోస్తోంది?

జూలై 9, బుధవారం

దొరికింది.

వెనక ఇరుసు మీద గాలి పోయే చిన్న గొట్టం. కొండ ఎర్రమన్ను ఎండి ఇటుకలా పట్టేసింది. తీగతో పొడిస్తే ముక్కలుగా ఊడింది, వెంటనే లోపలి గాలి ఉస్సుమంది. బండి ఎక్కేకొద్దీ ఇరుసు వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది, పోయే దారి లేక నూనెను సీలు మీదికి నెడుతుంది.

అప్పల్రాజుకు చెప్పాను — "కుక్కర్ విజిల్ మూసుకుపోతే ఏటవుద్ది?"

"మూత ఎగిరిపోద్ది."

"అదీ సంగతి."

ఎడమకు మళ్లీ కొత్త సీలు వేశాను.

కుడి... కుడి పొడిగానే ఉంది. కాని అదే గాలి ఇన్నాళ్లూ దాన్నీ నెట్టింది. పెదవి ఎంత దెబ్బతిందో విప్పితేగాని తెలియదు. విప్పితే ఇంకో పూట. అతను అప్పటికే విసిగి ఉన్నాడు — "ఎన్నిసార్లు ఇప్పుతావ్ బావా? రేపు మీ ఆవిడ్నే తీసుకెళ్లాలి, ఎరికేనా?" మళ్లీ టీ కొట్టు దగ్గర నవ్వుతారనిపించింది. ఊరుకున్నాను.

బదులుగా ఒక ఉపాయం చెప్పాను. "ఇకమీదట నూనె కలపకు. నీళ్లు కలిపి పెట్టు. ఆరితే ఎర్రగా ఉంటాది. గేరాయిల్ తగిలిందా, నల్లబడిపోద్ది. సూడగానే తెలిసిపోద్ది."

అప్పల్రాజు పడీ పడీ నవ్వాడు — "మా అమ్మోరు నీకాడ పనికి సేరిపోనాదన్నమాట! అయితే నువ్వే పెట్టు. నాను సూత్తాను."

పెట్టాను. వెనక రెండు చక్రాలకూ, డ్రమ్ము అంచున. పుట్టి బుద్ధెరిగాక బొట్టు పెట్టడం ఇదే మొదలు. కుడిదాని దగ్గర నా వేలు కాసేపు ఆగింది.

జూలై 10, గురువారం

ఉదయం.
జీపు వచ్చింది. సుగుణ ఎక్కుతుంటే చెప్పాను — "పైకెళ్లాక ఎనక రెండు సక్రాలూ ఫోటో తీసి పంపు."

"ఎందుకండీ? బాగు సేసేరు కదా."

"ఊరికే."

 జీపు సందు తిరిగేదాకా నిలబడ్డాను. ఆపొచ్చు. చెయ్యెత్తితే చాలు. ఎత్తాను — టాటా అనుకుని తనూ ఊపింది.

మధ్యాహ్నం.
ఏమీ రాలేదు. పైన వాటర్ ట్యాంకు దగ్గర ఒక్కచోటే సిగ్నల్ దొరుకుతుంది. ఫోను పది సార్లు చూసుంటాను. రెండున్నరకు టిప్పర్ వచ్చింది, దాని కిందికి దూరాలి.

మూడుంబావు.
ఫోటోలు రెండూ రెండు యాభైకే వచ్చి ఉన్నాయి. నేను టిప్పర్ కింద ఉన్నాను.

ఎడమ — ఎర్రగా, నేను పెట్టినట్టే.

కుడి — కింద సగం నల్లగా ఉంది. దాన్నుంచి రిమ్ము మీదికి ఒక నల్లటి గీత. పై సగంలో నా వేలి గుర్తు ఇంకా కనిపిస్తోంది.

కింద సుగుణ రాసింది — "మీ బొట్టు బాగానే ఉందండీ. బయలుదేరతన్నాం."

ఆ నలుపంటే ఏమిటో తనకు నేను చెప్పలేదు. అప్పల్రాజుకు తెలుసు. తను ఫోటో తీసేటప్పుడు అతను చక్రం దగ్గర ఉన్నాడా, స్టీరింగ్ దగ్గర ఉన్నాడా...

తనకు చేశాను. అందుబాటులో లేదు. అతనికి చేశాను. అందుబాటులో లేదు. "దిగొద్దు. బండి ఆపండి" అని ఇద్దరికీ వాట్సాప్‌లో పెట్టాను. చేరితే రెండు టిక్కులు పడాలి.

మూడూ నలభై.
ఒక్క టిక్కే.

ప్రార్థన చేద్దామని చేతులు జోడించాను. గోరు సందులో కుంకుమ. నిన్న కడుక్కున్నా పోలేదు.

నాలుగూ ఐదు.
ఒక్క టిక్కే.