అమ్ము ట్రాలీ కవరు

1 ఫిబ్రవరి 1998, ఆదివారం

డాక్టరమ్మ ఇవాళ ఆ మాట అనేసింది! అమ్ముని ఇక మామూలు పిల్లలాగే తిప్పవచ్చట. బజారుకి, పార్కుకి, ఎక్కడికైనా. బరువు బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి, ఇంకా ఎందుకమ్మా భయం అంది.

ఎందుకంటే ఏం చెప్పను? అమ్ము నెలలు నిండకుండా పుట్టింది. ఇంక్యుబేటర్‌లో ఉన్నన్నాళ్ళూ పక్కనున్న కన్నంలోంచి చెయ్యి పెట్టి, ఒక్క వేలితో దాని అరికాలు నిమిరేదాన్ని. ఇంటికి తెచ్చాక తలుపులు వేసుకున్నాను. అల్ హిలాల్‌లో ఈ ఫ్లాటు, ఆస్పత్రి, మళ్ళీ ఈ ఫ్లాటు. పది నెలలుగా దానికీ నాకూ ఇదే దోహా.

కారులోనే నిరంజన్ అన్నాడు, గురువారం సాయంత్రం సూపర్‌మార్కెట్‌కి వెళ్దామని. ముగ్గురం. (ఎదురుగా ఉంటే ఏమండీ అంటాను. ఇక్కడ పేరు రాసుకుంటే ఎవరు చూడొచ్చారు!)

సరే అన్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ట్రాలీ గుర్తొచ్చింది.

2 ఫిబ్రవరి

ఆ ట్రాలీ హ్యాండిల్‌ని ఎన్ని చేతులు పట్టుకుంటాయి! చేపలు ఏరిన చేతులు. ముక్కు తుడుచుకున్న చేతులు. అమ్ముకి ఇప్పుడు ఏది దొరికినా నోట్లోకే. నిన్న రిమోట్‌ని చప్పరించింది.

మధ్యాహ్నం దిండుకి గలీబు తొడుగుతుంటే తట్టింది. ట్రాలీలో పిల్లల్ని కూర్చోబెట్టే సీటుకి కూడా గలీబు కుడితే? హ్యాండిల్‌తో సహా మొత్తం కప్పేసేలా! అంచుకి ఎలాస్టిక్. కాళ్ళకి రెండు కన్నాలు. లోపల మెత్తగా పల్చటి బొంత.

నిరంజన్ నవ్వాడు. తడిగుడ్డతో ఓసారి తుడిస్తే పోయేదానికి కవరా అన్నాడు. తుడిస్తే పోతుందని నువ్వు రాసిస్తావా అన్నాను. కోపంలో ఏకవచనం వచ్చేసింది. కవరు ఉంటే వస్తావా అని అడిగాడు. వస్తానన్నాను. అయితే కుట్టు అన్నాడు.

3 ఫిబ్రవరి

కుట్టుమిషను ఎదురు ఫ్లాటు మెహర్ సుల్తానా ఆపాది. హైదరాబాద్ ఆవిడ, అక్కని ఆపా అంటారు వాళ్ళు. నా ఆలోచన విని బుగ్గలు నొక్కుకుంది. తన ముగ్గురు పిల్లలూ ట్రాలీ హ్యాండిళ్ళు నాకే పెరిగారట. కింద పడ్డ బిస్కెట్లు కూడా తిన్నారట. "ఏం గాలే వాళ్ళకు! నువ్వు ఉత్తగనే పరేషాన్ అయితున్నవ్" అంది. అంటూనే మిషను మీద గుడ్డ తీసి సూదిలో దారం ఎక్కించింది.

బట్ట దొరికింది. పసుపు రంగు కాటన్, మీద బాతులు. ఎంత బాగుందో!

4 ఫిబ్రవరి

కొలతలు లేవు! పొద్దున్నే నిరంజన్‌కి టేపు ఇచ్చి పంపాను. డ్యూటీ అయ్యాక సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి, టై కట్టుకుని మరీ ఖాళీ ట్రాలీని కొలుస్తూ వంగి ఉంటే సెక్యూరిటీ వచ్చి ఏం చేస్తున్నావని అడిగాడట. మా పాప సైజు చూస్తున్నానన్నాడట కంగారులో. చెప్తూ చెప్తూ పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ ఇంట్లో మేమిద్దరం కలిసి ఇలా నవ్వి ఎన్నాళ్ళయింది.

5 ఫిబ్రవరి, గురువారం, మధ్యాహ్నం

అయిపోయింది! బాతులన్నీ నిటారుగా వచ్చాయి. కాళ్ళ కన్నాలు కొంచెం పెద్దవయ్యాయి, ఫర్వాలేదు. అమ్ముకి తెల్ల గౌను. నాకు ఏ చీరో ఇంకా తేలలేదు. పెళ్ళిచూపులకి కూడా ఇంత హడావుడి పడలేదు.

6 ఫిబ్రవరి, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

కవరు చక్కగా పట్టింది. అమ్ముని కూర్చోబెట్టాను. ఆ లైట్లు చూసి నోరు తెరిచి అలా ఉండిపోయింది. డబ్బాల వరసలు, జనం, ఫ్రిజ్‌ల చల్లగాలి, అన్నీ కొత్తే. ట్రాలీ కదలగానే కాళ్ళు ఆడించింది. నేను తోస్తున్నాను, నా కూతుర్ని కూర్చోబెట్టుకుని ట్రాలీ తోస్తున్నాను! బియ్యం తెస్తానని నిరంజన్ పక్క వరసలోకి వెళ్ళాడు.

పళ్ళ దగ్గర పైన ప్లాస్టిక్ ద్రాక్షగుత్తులు వేలాడుతున్నాయి. నేను అరటిపళ్ళ కోసం అటు తిరిగాను. ఎంతసేపని, చెయ్యి చాపినంతసేపు. ఇటు తిరిగేసరికి అమ్ము కాళ్ళు రెండూ కన్నాల్లోంచి పైకి లాక్కుంది. హ్యాండిల్ పట్టుకుంది. లేచింది. నిలబడింది!

ఇంతవరకూ ఎప్పుడూ నిలబడలేదు. ఆలస్యమవుతుంది, బెంగపడకండి అని డాక్టరమ్మ ముందే చెప్పింది. నా కళ్ళముందు, ట్రాలీ సీటులో, బాతుల మీద నిలబడి ద్రాక్షల కోసం చేతులు రెండూ పైకెత్తింది. చేతులు వదిలేసింది.

పక్కకి ఒరిగింది. చేతిలో అరటిపళ్ళు పడేసి చెయ్యి చాపాను. అందలేదు.

ఒళ్ళంతా కప్పే నల్ల అబాయాలో ఉన్న ఒక పెద్దావిడ, ఖతరీ ఆవిడ, చటుక్కున గౌను వెనకనుంచి పట్టేసింది. అమ్ము గాల్లో ఊగి ఆవిడ గుండె మీదకి చేరింది. పైగా నవ్వింది! ఆవిడ "మాషా అల్లా, మాషా అల్లా" అంటూ రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. తర్వాత నా కవరు పైకెత్తి కింద తడిమింది. ట్రాలీకి ఉన్న బెల్టు బయటికి తీసి, ఇదీ, ఇదీ అన్నట్టు "హాదా, హాదా" అంటూ నా అరచేతిలో పెట్టి మూసింది.

బెల్టు. నా బొంత కింద. నేనే కప్పేశాను.

నిరంజన్ వచ్చేసరికి ఏడుస్తున్నాను. నిలబడింది, పడబోయింది, నిలబడింది అని ఏదేదో చెప్పాను. ఆయనకి ఒక్క మాటే వినపడినట్టుంది. నిలబడిందా అన్నాడు. బియ్యం బస్తా అక్కడే వదిలేశాడు.

7 ఫిబ్రవరి

కవరు చెత్తబుట్టలో వేద్దామనుకున్నాను. ఆపా లాక్కుంది. "కవర్‌ది తప్పు లేదు భావనా. బెల్ట్ కనపడకుంట కుట్టినం, గదీ తప్పు. మనిద్దరిదీ" అంది. ఇద్దరం కలిసి రెండు చీలికలు పెట్టి అంచులు కుట్టాం. కాళ్ళ కన్నాలు చిన్నవి చేశాం.

మళ్ళీ వెళ్తానో లేదో తెలియదు.

12 ఫిబ్రవరి, గురువారం

వెళ్ళాను!

చీలికల్లోంచి బెల్టు లాగి నడుముకి బిగించాను. లాగి చూశాను. మళ్ళీ చూశాను. చెయ్యి అమ్ము మీదనుంచి తియ్యలేదు, అరటిపళ్ళు నిరంజనే ఏరాడు. ఒక మలయాళీ అమ్మాయి కవరు ఎక్కడ కొన్నారని అడిగింది. కుట్టాను అని నేను చెప్పేలోపే, కొలతలు నావి అన్నాడు నిరంజన్.

అమ్ము బాతుల జోలికే పోలేదు. అంత కష్టపడి కుట్టిన మెత్తటి బట్ట వదిలేసి, ఊరంతా పట్టుకున్న ఆ బెల్టు కొసని నోట్లో పెట్టుకుని హాయిగా చప్పరించింది. నేను చూస్తూనే ఉన్నాను. లాగేశాను. మళ్ళీ పెట్టుకుంది. ఆయన నా మొహం చూసి, నవ్వాలా వద్దా అని ఆగాడు. నేనే ముందు నవ్వాను.

14 ఫిబ్రవరి

జలుబు. ముక్కు కారుతోంది.

15 ఫిబ్రవరి

జ్వరం. డాక్టరమ్మ గుండె, వీపు అన్నీ చూసింది. ఊపిరి శుభ్రంగా ఉందంది. పిల్లలకి జలుబు రాకుండా ఎలా ఉంటుందమ్మా అంది. ఇక ఇంట్లోనే ఉంచుతాను అన్నాను. నిరంజన్ మందుల చీటీ తీసుకున్నాడు. వద్దంటే పోట్లాడేదాన్ని.

17 ఫిబ్రవరి

తగ్గిపోయింది! అదే తగ్గించుకుంది! దగ్గింది, తుమ్మింది, పాలు కక్కింది, ఇవాళ పొద్దున్న లేచి మంచం పట్టీ పట్టుకుని నిలబడి నన్నే పిలుస్తోంది. ఇంక్యుబేటర్‌లో ఊపిరి తీసుకోవడానికే అలిసిపోయిన పిల్ల! జలుబుతో కొట్లాడి గెలిచింది. ఆపాకి చెప్పడానికి తలుపు తీసి పెట్టేశాను. అలాగే తెరిచి ఉంచాను, గాలి రానీ అని.

19 ఫిబ్రవరి, గురువారం

కవరు మర్చిపోయి వెళ్ళాం. పార్కింగ్‌లో గుర్తొచ్చింది. వెనక్కి వెళ్దామా అని నిరంజన్ అడిగాడు, కారు తాళం చేతిలోనే ఉంది. వద్దన్నాను. తడిగుడ్డతో హ్యాండిల్ తుడిచాను. బెల్టు బిగించాను. కవరు కావాలా అని నన్నెవరైనా అడిగితే ఉంటే మంచిదే అంటాను. బెల్టు మాత్రం మానొద్దంటాను.

తిరుగు దారిలో అల్ వక్రా దాకా వెళ్దామన్నాను. సముద్రం చూపించాలి దానికి. నిరంజన్ నావైపు రెండోసారి చూసి కారు తిప్పాడు.

1 మార్చి

డాబా మీద ఆరేసిన కవరు గాలికి తీగ మీంచి పడిపోయింది. తీద్దామని వెళ్తే దాని మీద పిల్లి ఈని ఉంది. మూడు పిల్లలు, ఇంకా తడిగా ఉన్నాయి. బాతుల మీద కుప్పగా పడుకున్నాయి.

అమ్ముని చంకన వేసుకుని, చూద్దువుగాని రమ్మని ఆపాని పిలవడానికి మెట్ల మీద పరుగు తీశాను.