లేవబోయే వాళ్లకు పదిహేను గుంటలు

సిద్దిపేట పట్టణంలో ఉంటున్న, కీర్తిశేషులు దేవదానం గారి భార్య, సర్కారు నర్సుగా పనిచేసి రిటైరైన అమృతమ్మ అనే నేను, డెబ్బై మూడేళ్ల వయసులో, కళ్లు మసకబారినా తెలివి మసకబారకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, నా మనసుకు నచ్చినట్టు రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు వేరే ఏదీ రాయలేదు. నా తదనంతరం నా స్థిర, చర ఆస్తులు కింద రాసిన విధంగా చెందాలి. దీన్ని అమలు జరిపే బాధ్యత నా పెద్ద కొడుకు ప్రభాకర్‌కు, చిన్న కొడుకు దయాకర్‌కు కలిపి అప్పగిస్తున్నాను. ఏ కాగితం మీదైనా ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఒక్కరి సంతకంతో ఏ పనీ చెల్లదు. అలా ఎందుకు పెట్టానో వాళ్లిద్దరికీ తెలుసు.

1. సిద్దిపేటలో నేనుంటున్న ఇల్లు కొడుకులిద్దరికీ సమానంగా చెందాలి. కింది భాగం ప్రభాకర్‌కు, పై భాగం దయాకర్‌కు. మెట్లు ఇద్దరివీ. ఎప్పుడు ఏ మాట వచ్చినా మెట్లకు అడ్డంగా గోడ కట్టవద్దు.

2. సిద్దిపేట నుంచి తొగుటకు పోయే దారిలో నా పింఛను సొమ్ముతో కొన్న పదిహేను గుంటల చెలక నా కొడుకులకు చెందదు. దాని హద్దుల వివరం దీనికి జతచేశాను. ఆ భూమి మా ఊరి క్రైస్తవులను పెట్టుకునే సమాధుల తోటగా ఉండాలి. అందుకు కావలసిన సర్కారు అనుమతులు నా కొడుకులు తెప్పించాలి. దాన్ని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, మరో పనికి వాడడానికి ఎవరికీ హక్కు లేదు.

మా ఊరు ఇప్పుడు జలాశయం కింద ఉంది. జనం కొందరు సర్కారు ఇచ్చిన పునరావాస కాలనీలో, కొందరు సిద్దిపేటలో సర్దుకున్నారు. బతికి ఉన్నవాళ్లకు ఇళ్లు దొరికాయి. మా పక్కింటి లింగవ్వ భర్త చనిపోయిన రోజున అతణ్ని పెట్టడానికి మాత్రం చోటు దొరకలేదు. ట్రాక్టరు మీద శవాన్ని ఉంచుకొని, ముందు పాటలు పాడుకుంటూ పోతూ, ఊరి పొలిమేర వచ్చినప్పుడల్లా ఆగి అడిగాము. ఎండకు లింగవ్వ తన కొంగు చాపి అతని ముఖం మీద నీడ పట్టింది. "బతికినన్ని దినాలు ఎవల జాగల కాలు పెట్టలె నా మొగడు. గిప్పుడు జాగ అడుక్కుంట తిరుగుతుండు నర్సమ్మా," అన్నది. చివరికి ఒక రైతు తన బావి గట్టున చోటిచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఈ నిర్ణయం చేసుకున్నాను.

ప్రభువును కూడా సొంత సమాధిలో పెట్టలేదు. ఒక పెద్దమనిషి తన కోసం రాతిలో తొలిపించుకున్న కొత్త సమాధిని ఇచ్చాడు. ప్రభువు దాన్ని ఎక్కువ కాలం వాడుకోలేదు. నేనిస్తున్న చోటు కూడా అలాగే వాడుకొని ఖాళీ చేసేదే. అయినా ఆ కొద్ది కాలమూ మనిషి గౌరవంగా పడుకోవాలి.

3. ఆ తోటకు నా కూతురు రజిని పేరు పెట్టాలి.

ఈ షరతుకు కారణం చెప్పాలి. నా మనవరాలు మనీషకు, ఆమె తరువాత వచ్చేవాళ్లకు మా ఇంట్లో ఒక ఆడపిల్ల ఉండేదన్న సంగతే తెలియదు.

రజిని ప్రభాకర్ తరువాతి కాన్పు. వాడి వెనకాలే తిరిగేది. చేపల కూర వండిన రోజు వాడు ముళ్లు ఏరి పెడితేనే తినేది. పొయ్యి మీది పెనం తగిలి దాని ఎడమ మోచేతి మీద చింతాకంత మచ్చ పడింది. బడికి పోవడం మొదలుపెట్టిన ఏడే విషజ్వరం వచ్చి చనిపోయింది. అప్పటికి దయాకర్ నా ఒళ్లో పసివాడు. ఊరి చివర తుమ్మచెట్ల మధ్య దాన్ని పెట్టాము. రాయి పాతలేదు, ఒక మల్లెచెట్టు నాటాము. ఏటా ఈస్టరున, పునరుత్థాన పండుగ తెల్లవారుజామున ఊరి క్రైస్తవులమంతా కొవ్వొత్తులతో అక్కడికి పోయేవాళ్లం. సమాధులకు సున్నం వేసి, పూలు చల్లి, తూరుపు ఎర్రబడే దాకా పాడేవాళ్లం. అంత పొద్దున మంచులో ఆ దీపాలను చూస్తుంటే చనిపోయినవాళ్లు నిద్రలేచి పొయ్యిలు ముట్టించుకుంటున్నట్టు ఉండేది.

ఊరు ఖాళీ చేస్తున్నప్పుడు జనం తలుపులు, దూలాలు, గుమ్మాలు విప్పి పట్టుకుపోయారు. కొందరు తమవాళ్ల ఎముకలు ఏరి కొత్త గుడ్డలో కట్టుకున్నారు. ప్రభాకర్ కూడా పట్టుబట్టాడు. "చెల్లెను నీళ్లల్ల ఇడిసిపెట్టి నేను రాను," అన్నాడు. దయాకర్ వద్దన్నాడు. "మట్టిల కెల్లి లేపెటోనికి నీళ్లు అడ్డమా అన్నా?" అన్నాడు. వాడి మాట తప్పు కాదు. కాని రజిని వాడికి ఒక పేరు మాత్రమే. ప్రభాకర్‌కు వేలు పట్టుకొని నడిచిన చెయ్యి.

ప్రభాకర్ తవ్వాడు. మా ఊరి చేపలు పట్టే దుబ్బయ్య గడ్డపార తెచ్చి సాయం పట్టాడు. తవ్వినకొద్దీ మెత్తని నల్లమట్టి, మల్లెచెట్టు వేర్లు. అంతకు మించి ఏమీ లేదు. చిన్నపిల్ల, తడి నేల, అన్నేళ్లు. నర్సును కనుక నాకు అర్థమైంది. ప్రభాకర్ గుంటలోనే కూర్చొని తల పైకెత్తి, "అమ్మా, చెల్లె ఈడ లేదు," అన్నాడు.

వాక్యం చెప్పేవాళ్లు ఖాళీ సమాధి దగ్గరికి సంతోషాన్ని తొందరగా తెచ్చేస్తారు. ప్రభువు లేచిన ఆ ఉదయం సుగంధ ద్రవ్యాలు పట్టుకొని పోయిన ఆడవాళ్లకు ముందు కలిగింది భయం. వాళ్లు వణికారు, పారిపోయారు, ఎవరికీ ఏమీ చెప్పలేకపోయారు. పూయడానికి తెచ్చుకున్న పరిమళం చేతిలోనే ఉంది, పూయించుకోవలసిన దేహం లేదు. ఆ గుంట ఒడ్డున నిలబడ్డప్పుడు నేను వాళ్లలో ఒకదాన్ని. నా చేతిలో కొత్త గుడ్డ ఉంది. అందులో కట్టడానికి ఏమీ లేదు.

ఆ రోజు నుంచి ప్రభాకర్ గుడికి రావడం మానేశాడు. తమ్ముడితో మాట్లాడడమూ మానేశాడు. "దేవుడు జూసుకుంటడు అన్నవు గద. ఏడ జూసుకుండు?" అని అడిగిన మాటే ఆఖరి మాట.

మా వీధిలో బట్టల దుకాణం నడిపే కాశీనాథం గారు నన్ను ఓదార్చడానికి వచ్చారు. మంచి మనిషి. "బాధపడకు నర్సమ్మా. గా పిల్ల ఎప్పుడో ఎవలింట్లనో మల్ల పుట్టే ఉంటది. హాయిగ ఉంటది," అన్నారు.

నేను అన్నాను. "మల్ల పుట్టిన పిల్ల సల్లగుండాలె అన్నా. కని గామె ఇంకో తల్లి బిడ్డ. నాకు గా మచ్చ ఉన్న చెయ్యే కావాలె."

"గట్ల అడగొచ్చునా దేవుణ్ని?"

"అడుగుమనే గద, ఆయన గాయాలతోని లేచిండు."

నోటి నుంచి ఆ మాట వచ్చాకే నాకు అర్థమైంది. ప్రభువు లేచినప్పుడు మేకుల గుర్తులు మాయం కాలేదు. అవి చూపించే తన వాళ్లకు తనను తెలియజేసుకున్నాడు. తోటలో ఏడుస్తున్న శిష్యురాలు మరియమ్మ ఆయన్ను చూసి తోటమాలి అనుకుంది. పేరు పెట్టి పిలిచేదాకా గుర్తుపట్టలేదు. లేవడమంటే ఆవిరిలా పైకి పోవడం కాదు, అన్నీ మరిచిపోయి కొత్తగా మొదలవడమూ కాదు. అదే మనిషి, అదే పేరు, అదే మచ్చ. చావు మాత్రం వెనకపడిపోవడం.

తరువాత నాకు తరచుగా ఒక కల వచ్చేది. నీళ్ల కింద మా ఊళ్లో నడుస్తుంటాను. ఊపిరి ఆడుతూనే ఉంటుంది. పైనుంచి వెలుతురు పచ్చగా, చీరలు ఆరేసినట్టు వేలాడుతుంటుంది. గుమ్మాలు లేని ఇళ్లలోకి చేపలు చుట్టాల్లా వచ్చి పోతుంటాయి. బోరింగు పక్కన ఎవరిదో బిందె నిండి పొంగుతుంటుంది, నీళ్లలో నీళ్లు పొంగడం నాకు వింతగా ఉండదు. తుమ్మచెట్ల దాకా పోతాను. సమాధులన్నీ పొద్దున్నే దులిపి మడతపెట్టిన పక్కల్లా ఉంటాయి. ఎవరూ ఉండరు. కలలో నాకు భయం వేయదు. అందరూ ఒడ్డుకు పోయారని ఎవరో చెప్పినట్టు తెలుస్తుంది. నేనూ పైకి చూస్తాను. అక్కడ మెలకువ వచ్చేది.

పోయినేడు మా ఊరివాళ్లం ఒక మాట అనుకొని, పండుగ తెల్లవారుజామున జలాశయం ఒడ్డున కలిశాము. నా మాట కాదనలేక కొడుకులిద్దరూ వచ్చారు. దయాకర్ పాడేవాళ్లలో నిలబడ్డాడు. ప్రభాకర్ దూరంగా కారు దగ్గరే ఉండిపోయాడు. నీళ్ల మీద పొగమంచు. ఎక్కడ ఊరుందో, ఎక్కడ తుమ్మచెట్లున్నాయో చూపించడానికి జనం చేతులెత్తి, ఎటు చూపించాలో తెలియక దించుకుంటున్నారు.

పాట అయిపోయేసరికి నిప్పుల వాసన వచ్చింది. దుబ్బయ్య అప్పుడే వల తీసినట్టున్నాడు. ఒడ్డున రాళ్లు పేర్చి, ఉప్పూకారం పట్టించి చేపలు కాలుస్తున్నాడు. అతనిది మా మతం కాదు. మా పండుగ సంగతి తెలిసి, ఊరివాళ్లు ఖాళీ కడుపులతో ఉంటారని మంట వేశాడంతే. మా అందరి వైపూ, కారు వైపూ చూసి కేకేశాడు. "రాండ్రి, తినుండ్రి. సల్లారిపోతది. ఓ ప్రభాకరూ, నిన్నే బిడ్డా, రా."

లేచిన ప్రభువు కూడా ఒక తెల్లవారుజామున నీటి ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, రాత్రంతా వలలు లాగి అలసిన వాళ్లను తినడానికి పిలిచాడు. తనను ఎరగనని చెప్పిన శిష్యుడు పేతురు కూడా వాళ్లలో ఉన్నాడు. ముందు తిండి పెట్టాడు. అడగవలసింది తిన్నాక అడిగాడు. దుబ్బయ్యకు ఈ కథ తెలియదు. నేను చెప్పనూ లేదు.

ప్రభాకర్ వచ్చాడు. దుబ్బయ్య మోదుగాకులో చేప పెట్టి ఇచ్చాడు. చోటు లేక తమ్ముడి పక్కనే కూర్చోవలసి వచ్చింది. ఇద్దరూ నీళ్ల వైపే చూస్తూ తింటున్నారు. కొంతసేపటికి ప్రభాకర్ వేళ్లు వాటంతటవే ముళ్లు ఏరుతుండడం చూశాను. ఏరిన ముక్కను చేతిలో పట్టుకొని ఎవరికి పెట్టాలో తెలియనట్టు ఆగాడు. తరువాత దాన్ని దయాకర్ ఆకులో వేశాడు.

"రజినికి గిట్లనే పెడుతుంటి," అన్నాడు.

"ఎట్లుండె అన్నా చెల్లె?" అని అడిగాడు దయాకర్. వాడి కంటే పెద్దదే అయినా, అన్న పిలిచినట్టే చెల్లె అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

ప్రభాకర్ చెప్పడం మొదలుపెట్టాడు. ఎండ ముదిరి, దుబ్బయ్య నిప్పుల మీద నీళ్లు చల్లేదాకా చెబుతూనే ఉన్నాడు. నేను కొంచెం అవతల కూర్చొని, నా బిడ్డ కొడుకుల మధ్య నడుస్తుంటే విన్నాను.

4. నా దేహాన్ని ఆ పదిహేను గుంటల్లో మొదట పెట్టాలి. నా భర్త ధూళిమిట్టలో తన తల్లిదండ్రుల పక్కన ఉన్నాడు. నన్ను అక్కడికి తీసుకుపోవద్దు. అందరూ లేచే ఆ రోజున ఆయనను వెతుక్కోవడం నాకు కష్టం కాదు, ఆ మనిషి ఎప్పుడూ ఆలస్యంగానే లేస్తాడు. నా మీద నాపరాయి, సిమెంటు వేయవద్దు. మట్టి చాలు.

5. నా చెవి కమ్మలు మనీషకు. చలికాలపు శాలువా లింగవ్వకు. నేను వాడని కొత్త చేతిరుమాళ్లన్నీ మా సంఘ పెద్ద యేసురత్నం గారికి చెందాలి. రజినిని పెట్టిన రోజున ఆయన నాతో, "ఏడ్వకు, ఏడిస్తె విశ్వాసం లేనట్టే," అన్నారు. తన స్నేహితుడు లాజరు సమాధి ముందు ప్రభువు, ఇంకాసేపట్లో అతణ్ని లేపబోతున్నానని తెలిసి కూడా, ఏడ్చాడు. యేసురత్నం గారు ఈ రుమాళ్లను దాచుకోకుండా నా కోసం వాడుకోవాలి. ఆయన మీద నాకు ఇక కోపం లేదు.

6. ప్రభాకర్‌కు విడిగా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. విశ్వాసం వీలునామాలో రాసి ఇచ్చే ఆస్తి కాదు. అయి ఉంటే నాకున్నదంతా నీకే రాసేదాన్ని నాయినా. నువ్వు ఇప్పటికీ నమ్మలేకపోతున్నావని నాకు తెలుసు. నమ్మి రమ్మని నేను అడగడం లేదు. నేను పోయాక వచ్చే పండుగ తెల్లవారుజామున నీళ్ల ఒడ్డుకు రా. ఆకలితో రా.

ఈ రాత నా ఎదుట చదివించుకొని విని, సరిగా ఉందని తెలుసుకొని, కింది సాక్షుల సమక్షంలో సంతకం పెట్టాను.

సిద్దిపేట, 2025 జూన్ 11.

(సంతకం) అమృతమ్మ

సాక్షులు:
1. కాశీనాథం, బట్టల వ్యాపారం, సిద్దిపేట. (సంతకం)
2. దుబ్బయ్య, చేపలు పట్టే వృత్తి, తొగుట మండలం. (వేలిముద్ర)