ఫొటో కోసమే

మార్చి 2

కొత్త డైరీ. నాన్నది ఫ్లెక్సీ బ్యానర్లు వేసే షాపు. అక్కడ మిగిలిన కాగితాలు తనే కుట్టి ఇచ్చాడు. పేజీ తిప్పితే ఇంకు వాసన.

రోజుకో కొత్త మాట నేర్చుకోవాలని పెట్టుకున్నాను. ఈ రోజు మాట ఉపశమనం. తమ్ముడి రిపోర్ట్ చూసి డాక్టరమ్మ అన్నది. నయమైపోయినట్టేనా అని అమ్మ అడిగితే, ఆ మాట కొన్నేళ్లు ఆగి అంటానమ్మా, ప్రస్తుతానికి ఉపశమనం అనుకుందాం అందట. నోట్లో చాలాసేపు తిప్పుకున్నాను. మెత్తగా ఉంది. నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టు.

మార్చి 9

తమ్ముడి జుట్టు చెవుల మీదికి వచ్చింది. జేబులో దువ్వెన పెట్టుకుని మూడో క్లాసుకి వెళ్తున్నాడు, పెద్ద హీరో. హాస్పిటల్లో అందరూ గుండూ అని పిలిచేవారు. ఇప్పుడలా పిలిస్తే పలకడు. నేను జూలు అని పేరు పెట్టాను. సింహానికి ఉండేది. కటింగ్ మాట ఎత్తితే సింహం మంచం కింద దూరుతుంది.

మార్చి 15

తమ్ముడిలా ల్యుకేమియా (బ్లడ్ కేన్సర్) వచ్చిన పిల్లల్లో కొందరికి ఇప్పుడున్న మందులు పని చేయవు. వార్డులో పక్క బెడ్ పాపకి చేయలేదు. తమ్ముడి కలర్ పెన్సిళ్లు అడిగి తీసుకుంది. మళ్లీ ఇవ్వకుండానే వెళ్లిపోయింది. అలాంటి పిల్లల కోసమే డాక్టరమ్మ వాళ్ల ల్యాబ్‌లో రిసెర్చ్ మొదలుపెట్టారు. డబ్బు లేక సగంలో ఆగింది. అందుకని మా ఇంటిల్లిపాదీ కలిసి ఒక రన్ పెట్టి విరాళాలు పోగుచేస్తున్నాం. పెదనాన్న చైర్మన్. బ్యానర్లు నాన్నవి. బ్యానర్ మీద మాటలు నావి.

మంచి పని. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. తర్వాత మర్చిపోతానేమో.

మార్చి 20

నేను రాసిన దాంట్లో కోలుకున్నాడు అన్న మాట పెదనాన్న కొట్టేశాడు. కోలుకున్నవాడికి ఎవడిస్తాడే పిచ్చిమొహమా అన్నాడు. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. మనుషుల చేత జేబులోంచి డబ్బు ఎలా తీయించాలో తెలుసట.

మార్చి 22

ఫొటో గొడవ.

హాస్పిటల్లో తీసిన ఫొటో ఉంది. అమ్మ పాత ఫోన్‌లోది. గుండు, బోసి కనుబొమలు, ఒళ్లో బొమ్మ. హోర్డింగ్ సైజుకి లాగితే మొహం గళ్లగళ్లుగా విడిపోయింది. ముక్కు ఒక గడి. నాన్న ఒప్పుకోలేదు. ఊళ్లో అందరి మొహాలూ నున్నగా వేసేవాణ్ణి, నా కొడుకు మొహం ఇలా వేస్తానా అన్నాడు. కొత్త ఫొటో తీయాల్సిందే.

ఫొటోగ్రాఫర్ వచ్చాడు. తమ్ముడు తల తడిపి పక్క పాపిడి తీసుకుని నవ్వాడు. చాలా బాగా వచ్చింది. పెదనాన్న అద్దాలు సర్దుకుని చూసి, వీడేంట్రా టూత్‌పేస్ట్ అమ్ముతున్నాడు అన్నాడు.

అందరం నవ్వాం. ఒకళ్ల తర్వాత ఒకళ్లు తమ్ముడి జుట్టు వైపు చూశారు. అమ్మ మాత్రం గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. వద్దు అనడానికి తిరిగొస్తుందనుకున్నాను. రాలేదు.

మార్చి 23, సాయంత్రం

మంగలిని ఇంటికే పిలిపించారు. ఫొటో కోసమేరా, మళ్లీ నెలలో వచ్చేస్తుంది అని నాన్న చెప్పాడు. తమ్ముడు మంచం కింద దూరడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇంతలో మంగలి, పోనీలే బాబూ, ఎండాకాలం కదా, చల్లగా ఉంటుంది అన్నాడు. తమ్ముడు ఆగిపోయాడు. నాన్న మొహంలోకి చూశాడు. వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కదల్లేదు, ఏడవలేదు. మా బంగారం ఎంత బుద్ధిమంతుడో అంది అమ్మ.

నేనూ అలాగే అనుకున్నాను.

ఫొటోగ్రాఫర్ కొంచెం నీరసంగా చూడమన్నాడు. చూశాడు. ఒక్క టేక్.

మార్చి 26

బ్యానర్ అదిరింది. కనురెప్పలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. కింద ఎర్రగా నా వాక్యం: నాకు రేపు కావాలి. నా మాటని అంత పెద్ద అక్షరాల్లో ఎప్పుడూ చూసుకోలేదు. పనేమీ లేకపోయినా మెయిన్ రోడ్డు మీంచే ఇంటికి వచ్చాను.

ఏప్రిల్ 1

తమ్ముడు సైకిల్‌ని పైవాటా పిల్లాడికి ఇచ్చేశాడు. దువ్వెన కూడా. ఆ పిల్లాడి వాళ్లమ్మ తెచ్చి తిరిగి ఇచ్చింది. ఇంట్లో రన్ గురించి వినీ వినీ వీడికీ ఇచ్చే గుణం పట్టుకుందని అమ్మ మురిసిపోయింది. పెదనాన్న దాన్ని స్పీచ్‌లో చేర్చాడు.

ఏప్రిల్ 6

రన్ అయిపోయింది. అనుకున్న దానికంటే ఎక్కువే వచ్చింది. మైకతను తమ్ముణ్ణి లిటిల్ ఫైటర్ అని స్టేజి ఎక్కించాడు. సైకిల్ కథ చెప్పినప్పుడు ముందు వరసంతా కళ్లు తుడుచుకుంది. ఒకావిడ వాడి గుండు మీద ముద్దు పెట్టుకుంది.

డాక్టరమ్మ ఆలస్యంగా వచ్చింది. వాడి తల చూసి గబగబా అమ్మ దగ్గరికి వచ్చి, ఏమైంది, నాకు చెప్పకుండా ఎక్కడ చూపిస్తున్నారు అని అడిగింది. అమ్మ నవ్వేసి, అబ్బే, ఫొటో కోసమే డాక్టర్ అంది. డాక్టరమ్మ నవ్వలేదు. చెక్కు మాత్రం తీసుకుంది. తీసుకోకుండా ఎలా ఉంటుంది? పక్క బెడ్‌లో ఇప్పుడు ఇంకో పాప ఉండి ఉంటుంది.

ఏప్రిల్ 7, పొద్దున్నే

తలుపు వెనక హాస్పిటల్ బ్యాగు. నీలం తువ్వాలు, మూత ఉన్న గ్లాసు, మెత్తటి బ్రష్షు, కలరింగ్ పుస్తకం. అన్నీ తనే సర్దుకున్నాడు.

ఎప్పుడెళ్తున్నాం అక్కా అన్నాడు. ఎక్కడికిరా అన్నాను. నువ్వు కూడానా అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి కీమోకి దిండు నిండా జుట్టు రాలింది. వాడు భయపడతాడని, ఎండాకాలం కదా చల్లగా ఉంటుంది అని చెప్పి నాన్న గుండు చేయించాడు. ఏమీ లేదురా అని ఒట్టు కూడా వేశాడు.

ఏప్రిల్ 7, మధ్యాహ్నం

అందరూ వాడి చుట్టూ కూర్చుని నిజం చెప్పారు. నాన్న ఒట్టు వేయబోతే, అప్పుడూ వేశావుగా అన్నాడు. నాన్న లేచి షాపుకి వెళ్లిపోయాడు. అమ్మ రిపోర్ట్ తెచ్చి నన్ను చదవమంది. చదివాను. ఉపశమనం అంటే పోవడమా, ఆగడమా అని అడిగాడు. ఆగడం అన్నాను. ఆగింది మళ్లీ వస్తుందా అన్నాడు.

అంతసేపు నోట్లో తిప్పుకున్న మాట. దానికి అర్థం చెప్పడం నాకు చేతకాలేదు.

రాదురా, నేను చెప్తున్నాగా అన్నాను. మరి బ్యానర్ మీద నువ్వే రాశావుగా, నాకు రేపు కావాలి అని. ఉంటే ఎందుకు అడుగుతారు అన్నాడు.

మే 20

జుట్టు మొలిచింది. రోజూ లేవగానే అద్దం ముందు నిలబడి, పిడికిట్లో పట్టినంత పట్టుకుని లాగి చూసుకుంటున్నాడు. ఈ రోజు రెండు వెంట్రుకలు వచ్చాయి. తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. అమ్మకి చెప్పొద్దు, భయపడుతుంది, అడిగితే ఎండాకాలం కదా అందాం అన్నాడు.