ఎనిమిది పచ్చడి సీసాలు

యాదగిరీ,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. మేడ్చల్‌లో మన స్టూడియో ఇంకా తెరిచే ఉంది. తిత్తి ఉన్న నీ పాత పెద్ద కెమెరాకి వెనక ఫిల్ము పెట్టేచోట డిజిటల్ కెమెరా బిగించాను. నల్లగుడ్డతో ఇక పనిలేదు. దాని కింద దూరినప్పుడల్లా నువ్వు తుమ్మేవాడివి, ఫోటో దిగేవాళ్లు నవ్వాపుకోలేక కదిలిపోయేవారు. సరే, అసలు సంగతికొస్తాను.

శామీర్‌పేట కొత్త కాలనీ నుంచి ఒకావిడ ఎనిమిది పచ్చడి సీసాలు తెచ్చింది. ఏటవాలుగా వరుస పెట్టి, అన్ని లేబుళ్లూ స్పష్టంగా పడాలంది. ఈ పని చెడితే నేను స్టూడియో షట్టర్ దించేయడమే. లెన్సు ఉన్న ముందు పలకను కుడికి తిప్పాను, ఎడమకు తిప్పాను. ముందున్న ఆవకాయ తేటపడితే వెనకున్న గోంగూర మసకబారుతోంది.

"పొద్దుటి నుంచీ తిప్పుతూనే ఉన్నారు మాస్టారూ! రాకపోతే చెప్పండి, వేరేచోట తీయించుకుంటాను."

"ఇంకో అరగంట ఆగుండ్రి, అమ్మా."

ఆవిడ టీ తాగడానికి వెళ్లింది. ఆ అరగంటలోనే ఇది రాస్తున్నాను.

నువ్వు పలకను రవ్వంత తిప్పి, ఫోకస్ సరిచేసి, మళ్లీ రవ్వంత తిప్పేవాడివి. "ఇటొచ్చి సూడరా, నేర్సుకుంటె నీ సొమ్మేం బోతది?" అని ఇరవై ఏళ్లు పిలిచావు.

లైటు స్టాండు దగ్గర్నుంచి కదలకుండా నేనెప్పుడూ ఒకటే అనేవాణ్ణి. "నువ్వున్నవ్ గదరా."